చెప్పినా వినరని తెలిసి చెప్పడం మానేశారు

(ఒంగోలులో చిన్న, మధ్య తరహా పరిశ్రమల యజమానులు, మేనేజర్లు, సూపర్‌వైజర్ల సమావేశంలో ఒక రిటైర్డ్ పర్సనెల్ మేనేజర్ (ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారి) చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

నమస్కారమండీ. వెనక వరసలో వాళ్ళకి వినపడుతుందా? ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు కలిసిపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

నాకు పంపిన కాగితంలో ఈ పూట విషయం "ఉద్యోగుల్లో నిరాసక్తత, నివారణ చర్యలు" అని రాశారు. దోమల నివారణ చర్యలు అన్నట్టే ఉంది. (నవ్వులు) దోమలేమో వాళ్ళు, మునిసిపాలిటీ మీరు, పొగ మిషను భుజాన వేసుకొచ్చినవాణ్ణి నేను. ఆ పొగ నేను కొట్టనని ముందే చెప్పేస్తున్నా. కొట్టించుకోవాలంటే బోలెడు మంది ఉన్నారు. ప్రొజెక్టర్ పెట్టి, చప్పట్లు కొట్టించి, "నేను చేయగలను" అని వంద మంది చేత ఒకేసారి అరిపించి పోతారు. సోమవారానికి అంతా మామూలే.

ఇందాక టీ దగ్గర నిలబడి మీ మాటలు విన్నాను. ఒకాయనది గ్రానైట్, ఒకాయనది రొయ్యల ప్లాంటు, ఇంకొకాయన రైస్ మిల్లు. ముగ్గురిదీ ఒకే మాట. "ఇప్పటి పిల్లోళ్ళకి పని మీద ధ్యాస లేదండీ. చెప్తే చేస్తారు, చెప్పకపోతే ఫోన్ చూసుకుంటా కూర్చుంటారు." ఈ మాట నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా విన్నాను. అప్పట్లో "ఇప్పటి పిల్లోళ్ళు" అంటే మేం. ఫోన్ల బదులు బీడీలు, అంతే తేడా. కాబట్టి తరం మీద తోసెయ్యడం వద్దు, అది తేలని లెక్క.

చీమకుర్తి వైపు పోదాం. క్వారీ నుంచి బ్లాకు ఫ్యాక్టరీకి వస్తుంది. కోతకి ఎక్కించే ముందు పాతకాపులు ఒక పని చేస్తారు, చూసే ఉంటారు. మగ్గుతో నీళ్ళు రాయి మీద చల్లి, ఊరికే నిలబడతారు. ఏం చెయ్యరు, చూస్తూ ఉంటారు. రాయి ఆరుతుంది. పగులు ఉన్నచోట నీళ్ళు లోపలికి దిగి ఉంటాయి కాబట్టి చుట్టూ అంతా పొడిబారినా ఆ గీత ఒక్కటి తడిగా, ముదురుగా నిలబడిపోతుంది. వెంట్రుక మందం. ఇంకో రెండు నిమిషాలు ఆగితే అదీ ఆరిపోతుంది, ఇక మీకు కనపడదు. చూడాల్సిన టైములో చూడాలి, చూసినవాడు నోరు తెరవాలి.

నాకు తెలిసిన ఒక ఫ్యాక్టరీలో, పేరు అనవసరం, ఒక కుర్రాడు ఆ గీత చూశాడు. చూసి, మగ్గు పక్కన పెట్టి, బ్లాకు ట్రాలీ ఎక్కించాడు. కోత మధ్యలో పలకలు విరిగాయి. ఓనరు గారు వచ్చి కళ్ళు లేవా అన్నారు, అన్నం తింటున్నావా అన్నారు, ఇంకా ఏవో అన్నారు. గొడవ చల్లారాక నేను అడిగా. "ఏం అబ్బాయ్, చూళ్ళేదా?"

"చూశా సార్."

"మరి చెప్పలేదేం?"

"రెణ్ణెల్ల కిందట చెప్పా. మిషన్ ఆపి చూశారు, పగులు లేదని తేలింది. ఆగిన టైముకి నాకు పూట కోశారు. పోయిన నెల మళ్ళీ చెప్పా. నువ్వేమన్నా ఇంజినీరువా, ఎక్కించరా అన్నాడు మేస్త్రీ. ఇంకా చెప్తే ఏమొచ్చిద్ది సార్?"

అతని లెక్క చూడండి. చెప్పాడు, పగులు ఉంది: మిగిలిన డబ్బు ఓనరుది. చెప్పాడు, పగులు లేదు: పూట కూలి పోయేది తనది. చెప్పలేదు: నాలుగు తిట్లు, అవి ఎలాగూ ఉండేవే. అతని చోట ఉంటే నేనూ మగ్గు పక్కన పెట్టేవాణ్ణే. మీరైనా అంతే. పని రానివాడైతే నేర్పించొచ్చు. ఇతనికి పని వచ్చు, చూపు ఉంది. నోరు మూసుకోవడం మాత్రం మన దగ్గరే నేర్చుకున్నాడు. అదీ ఒక్కరోజులో కాదు. మొదటిసారి జవాబు రానప్పుడు మనిషి బాధపడతాడు. రెండోసారీ రాకపోతే మానేస్తాడు. ఆ మానేసిన రోజు మీకు తెలియదు, ఎందుకంటే ఆ రోజు ప్లాంటు చాలా ప్రశాంతంగా ఉంటుంది.

ఇదే కుర్రాణ్ణి సంక్రాంతికి వాళ్ళ ఊళ్ళో చూడాలి. బండలాగుడు పోటీలు. గిత్తల పళ్ళు చూసి వయసు లెక్కన విభాగాలు: రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్లు. ఏ జత ఏ విభాగంలో దిగాలి, ఎవరి వంతు ఎప్పుడు, ఇచ్చిన టైములో బండ ఎన్ని అడుగులు కదిలింది, టేపు పట్టుకుని కొలిచి అరిచి చెప్పేది వీడే. పక్క జిల్లాల నుంచి లారీల్లో గిత్తలు వస్తాయి, వాటికి నీడ, నీళ్ళు, మేత చూడాలి. నిద్ర ఉండదు, పైసా రాదు. గిత్త కాలు తేడాగా వేస్తే "ఆపండి" అని కేకేస్తాడు. ఆపుతారు. పెద్ద పెద్ద రైతులు కూడా ఆపుతారు. వాడి మాటకి అక్కడ అంత విలువ. మీ గేటు లోపలికి రాగానే వాడికి ధ్యాస పోయిందంటే నమ్మమంటారా?

అంకెలు కావాలనే వాళ్ళు ఉంటారు కాబట్టి ఒకటి చెప్తా. గాలప్ అనే సంస్థ ఏటా ప్రపంచమంతా ఉద్యోగుల్ని అడుగుతుంది. 2024లో పనిలో మనసు పెట్టి చేస్తున్నవాళ్ళు 21 శాతం అని తేలింది. అంతకుముందు ఏడాది 23. తగ్గింది ఎక్కడా అని చూస్తే, మామూలు ఉద్యోగుల్లో 18 దగ్గరే ఉంది, కదల్లేదు. మేనేజర్లలో 30 నుంచి 27కి పడింది. అంటే నీరసం పైనుంచి దిగుతోంది. ఒక జట్టుకీ ఇంకో జట్టుకీ ఉత్సాహంలో ఉండే తేడాకి 70 శాతం కారణం దాని మేనేజరే అని కూడా వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. సర్వేలు అమ్ముకునే సంస్థ కదా, ఆ 70ని కాస్త తగ్గించి నమ్మండి. నా అనుభవంలో దారి మాత్రం అదే.

మేనేజ్‌మెంట్ పాతబడింది, పాతబడింది అంటాం. ఎంత పాతది? మన తాతలు పెట్టిందే అనుకుంటారు. కాదండీ, బయటి నుంచి వచ్చింది. ఫ్రెడరిక్ టేలర్ అని అమెరికాలో ఒక ఇంజినీరు. 1911లో ఆయన సిద్ధాంతం అచ్చయింది. అంతకుముందు బెత్లెహామ్ ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు రైలు పెట్టెల్లోకి ఎక్కించే కూలీల మీద ప్రయోగం చేశాడు. మనిషి రోజుకి సగటున 12.5 టన్నులు ఎక్కించేచోట ఒకడి చేత 47.5 టన్నులు ఎక్కించానన్నాడు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చోవాలో గడియారం పట్టుకున్న బాబు చెబుతాడు. కూలీ ఆలోచించకూడదు. ఆలోచన ఆఫీసుది, చాకిరీ కూలీది. ఆ కథలో ఎంత నిజం, ఎంత అతిశయం అని తర్వాతివాళ్ళు తవ్వారు, అది వేరే సంగతి. కానీ ఆయన ఇంకో పని కూడా చేశాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకి పెంచాడు. మనవాళ్ళు గడియారం తెచ్చుకున్నారు, కూలి సంగతి ఓడలోనే వదిలేశారు. (నవ్వులు)

నిజంగా మన తాతల పద్ధతి ఎలా ఉండేదో ఈ జిల్లాలో ఎవరైనా చెప్పగలరు. పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి పోండి. ఆ ఆరబెట్టడం, క్యూరింగ్ అంటారు, అయిదారు రోజులు. మొదట సన్నటి వేడి, ఆకు పసుపు తిరగాలి. తర్వాత పెంచాలి, ఆకు ఆరాలి. తర్వాత ఇంకా పెంచాలి, ఈనె ఆరాలి. తొందరపడితే ఆకు పచ్చగా ఉండిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. అటైనా ఇటైనా వేలం కేంద్రంలో రేటు కొట్టేస్తారు. ఆ పొయ్యి దగ్గర రాత్రంతా మేలుకొని ఉండే మనిషి ఉన్నాడే, మంట ఎప్పుడు పెంచాలో అతనే చెప్తాడు. ఇరవై ఎకరాల ఆసామి కూడా "ఏమంటావు, పెంచుదామా?" అని అతన్ని అడుగుతాడు. ఆ మనిషికి పని మీద ధ్యాస లేదని ఏ రైతూ అనగా నేను వినలేదు. అతన్నే తీసుకొచ్చి మన ప్లాంటులో పెడితే ఆరు నెలల్లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. అతనేం మారడు, అడిగేవాళ్ళు ఉండరు, అంతే.

రొయ్యల ప్లాంటు వాళ్ళు చాలామందే ఉన్నారు కదా. నెల్లూరు దగ్గర ఒక ప్లాంటులో నేను చూసింది చెప్తా. చల్లదనం రికార్డు. రెండు గంటలకోసారి ఉష్ణోగ్రత చూసి రిజిస్టరులో రాయాలి. రిజిస్టరు తీసి చూస్తే అద్భుతం. నాలుగు, నాలుగు, మూడున్నర, నాలుగు. ఒక్క కొట్టివేత లేదు. అదే నాకు అనుమానం. ఉదయం ఆరింటి అంకె, మధ్యాహ్నం రెండింటి అంకె, సాయంత్రం నాలుగింటి అంకె, అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఒత్తుడు. షిఫ్టు దిగేముందు కుర్చీలో కూర్చుని ఒక్క ఊపున రాసిన రాత. మధ్యలో కరెంటు పోయి జనరేటరు ఎత్తుకోడానికి పట్టిన టైము కూడా ఆ రిజిస్టరులో నాలుగే! (నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, ఆ రాసినమ్మాయిని అడిగా. నెల్లూరు మాండలికం, ముక్కుసూటి పిల్ల. "ఏందమ్మా ఇది?" అంటే, "ఒకసారి ఏడు అని రాసినా సార్. నిజంగానే ఏడు ఉండాది. దానికి మా సూపర్‌వైజరు నన్ను గంట సేపు నిలబెట్టినాడు, ఆడిట్‌లో దొరికితే ఎవురు సమాధానం చెప్తారని. ఐసు మాత్రం తెప్పించలా. అప్పట్నించి నాలుగే" అంది. చూశారా. ఏడు డిగ్రీలు ఉండటం తప్పు కాలేదు, ఏడు అని రాయడం తప్పయింది. అక్కడ్నుంచి మీకు వచ్చే ప్రతి కాగితమూ అబద్ధమే. మీరు ఆఫీసులో కూర్చుని ఆ కాగితాలు చూసి నిర్ణయాలు తీసుకుంటారు.

కిలో లెక్కన రొయ్యల తలలు తీసే టేబుళ్ళ దగ్గర ఇంకో తమాషా ఉంటుంది. అందరూ దాదాపు ఒకే కిలోల దగ్గర ఆగిపోతారు. చెయ్యి చురుగ్గా ఉన్న మనిషి కూడా. దీనికి షికాగో దగ్గర హాథార్న్‌లో ఉన్న ఫ్యాక్టరీలో 1931, 32 సంవత్సరాల్లో జరిగిన పరిశీలన గుర్తొస్తుంది. వైర్లు కలిపే గదిలో 14 మంది. రోజుకి ఎంత చెయ్యాలో వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. ఎవడైనా ఎక్కువ చేస్తే పక్కవాడు భుజం మీద ఒక గుద్దు గుద్దేవాడు. ఎందుకు? ఎక్కువ చేస్తే రేటు కోస్తారని భయం. మన టేబుల్ దగ్గర గుద్దులు ఉండవు, "ఏందక్కా, మమ్మల్ని చంపుతావా" అనే ఒక చూపు ఉంటుంది. పోయిన సీజన్లో కిలోలు పెరిగాయని రేటు సర్దిన ఓనర్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆ చూపు వాళ్ళు కొనుక్కున్నదే.

ఇప్పుడు సూపర్‌వైజర్ల దగ్గరికి వస్తా. వాళ్ళని తిట్టడానికి కాదు. మన దగ్గర సూపర్‌వైజరు ఎలా తయారవుతాడు? పాలిషింగ్ లైను మీద బాగా చేసేవాడు ఒకడుంటాడు. వాడికి ఒక చొక్కా, ఒక విజిలు, రెండువేలు ఎక్కువ ఇచ్చి "ఈ రోజు నుంచి నువ్వు చూసుకో" అంటాం. అక్కడితో ట్రైనింగ్ అయిపోయింది. లైనుకి మంచి పనివాడు పోయాడు, మనుషులతో మాట్లాడటం తెలియని సూపర్‌వైజరు వచ్చాడు. వాడి చేతిలో మనం పెట్టిన అధికారం ఏమిటి? మంచి గ్లౌజులు తెప్పించలేడు, సెలవు ఇవ్వలేడు, మిషన్ ఆపలేడు, వంద రూపాయలు ఖర్చు పెట్టలేడు. తిట్టగలడు, పూట కోయగలడు. ఉన్న పనిముట్టుతోనే కదా ఎవడైనా పని చేసేది.

గ్లౌజులు అన్నాను కాబట్టి అదీ చెప్తా. ఆ నెల్లూరు రొయ్యల ప్లాంటులో రబ్బరు గ్లౌజులన్నీ పెద్ద సైజే. కొనేది ఆఫీసులో మగవాళ్ళు, తమ చెయ్యి చూసుకుని ఆర్డరు పెట్టారు. ఆడవాళ్ళ చేతికి బొటనవేలు దగ్గర అర అంగుళం ఖాళీగా మడత పడుతుంది. ఆ మడతలో రొయ్య జారుతుంది, చల్లటి నీళ్ళు లోపలికి పోయి వేళ్ళు నానిపోతాయి. కొందరు మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని నెట్టుకొచ్చారు, కొందరు కుడి చేతికి మానేశారు. మానేసిన వాళ్ళకి జరిమానా. ఎన్ని ఏళ్ళుగా! చిన్న సైజు తెప్పించమని ఎవరూ ఎందుకు అడగలేదంటే, అడిగారు. కొత్తల్లో. గేటు దగ్గర ఒక నల్లబల్ల పెట్టించాం, ఎవరేం అడిగారో, ఎవరు చూస్తున్నారో, ఏమైందో రాయడానికి. మొదటి వారం ఎవరూ ఏమీ అడగలేదు. రెండో వారం ఒకావిడ గ్లౌజుల సంగతి చెప్పింది. చిన్న సైజు వచ్చింది. ఆ తర్వాత బల్ల సరిపోలేదు.

అడిగినవన్నీ ఇచ్చామనుకోకండి. చాలావాటికి "కుదరదు" అనే రాశాం. బస్సు ఇంకో ఊరు తిప్పమన్నారు, కుదరదు, డీజిలు ఇంత అవుతుంది, ఎక్కేది నలుగురు అని కింద రాశాం. దానికి ఎవరూ అలగలేదు. జవాబు లేకపోవడం వేరు, కాదనే జవాబు రావడం వేరు. ఈ సాయంత్రం నా దగ్గర మీకు అమ్మడానికి ఉన్న సరుకు ఇది ఒక్కటే: చెప్పినవాడికి ఏమైందో తిరిగి చెప్పండి, అదీ వారం లోపల. మిగతా మార్పులు దాని వెనకాలే వస్తాయి. రాకపోతే అప్పుడు నన్ను పిలవండి.

ఇది రొయ్యలకీ రాళ్ళకీ పనికొస్తుంది గానీ పెద్ద కంపెనీలకి పనికొస్తుందా అనేవాళ్ళకి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊరి కథ. అక్కడ జనరల్ మోటార్స్ వాళ్ళ కార్ల ప్లాంటు. అమెరికాలో పరమ దారుణమైన పనివాళ్ళు అక్కడే ఉన్నారని పేరు. రోజూ అయిదుగురిలో ఒకరు పనికి రారు. తాగొచ్చేవాళ్ళు. కసి కొద్దీ కారు తలుపుల లోపల ఖాళీ సీసాలు పెట్టి బిగించేవాళ్ళట, కొన్నవాడికి జీవితాంతం గలగల. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నుమ్మి అని పేరు పెట్టి మళ్ళీ తెరిచారు. మనుషులు ఎవరు? ఎక్కువమంది ఆ పాతవాళ్ళే. యూనియనూ అదే. వందల మందిని జపాన్ పంపించి చూపించారు. అక్కడ లైను పక్కన ఒక తాడు ఉంటుంది. ఏదైనా తేడా కనపడితే మామూలు పనివాడు లాగుతాడు, పక్కన టీమ్ లీడరు పరిగెత్తుకొస్తాడు. వచ్చి "ఎవడ్రా లాగింది" అనడు, "ఏమైంది, ఎలా సాయం చెయ్యాలి" అంటాడు. తేలకపోతే లైను ఆగుతుంది. ఆ పాత పనివాళ్ళతోనే గైర్హాజరీ రెండు మూడు శాతానికి దిగింది. జనరల్ మోటార్స్ తన మిగతా ప్లాంట్లలో ఇది చెయ్యబోతే చాలాకాలం కుదర్లేదు. తాడు కట్టడం తేలికే, లాగినవాణ్ణి తిట్టకుండా ఉండటం కష్టం.

అది జపాన్ పద్ధతి, మనది ఇండియా అంటారేమో. 1953లో అహ్మదాబాద్‌లో కాలికో మిల్లు. 224 ఆటోమేటిక్ మగ్గాల షెడ్డు, పనివాళ్ళని 12 రకాల పనులుగా ముక్కలు చేసి పెట్టారు. ఎవరి ముక్క వాళ్ళది, మొత్తం గుడ్డ ఎవరిదీ కాదు. మిషన్లు కొత్తవి, ఫలితం సున్నా. లండన్ నుంచి ఎ.కె. రైస్ అని ఒక పరిశోధకుడు వచ్చి, కొన్ని మగ్గాలకి ఒక చిన్న జట్టు అయితే ఎలా ఉంటుందని ఒక ఆలోచన చెప్పాడు. వివరాలు ఆయన పూర్తిగా తేల్చకముందే కార్మికులే జట్లు కట్టుకుని వచ్చేశారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. మన దేశంలో, మన మనుషులతో, డెబ్బై ఏళ్ళ కిందట. మన మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఫ్రీమాంట్ గురించి చెప్పినంత దీని గురించి చెప్పరు, ఎందుకో మరి.

ఒక హెచ్చరిక. మీరు ఇది మొదలుపెట్టిన తొలి నెలల్లో లోపాలు పెరిగినట్టు కనపడతాయి. రిజిస్టరులో ఏడులు, ఎనిమిదులు వస్తాయి. కంగారుపడి పాత దారి పట్టొద్దు. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్సన్ అనే ప్రొఫెసరు 1990లలో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లు చూసింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని పోయింది. ఎక్కువ కనపడ్డాయి. తరచి చూస్తే, ఆ జట్లలో నర్సులు దాచకుండా చెబుతున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. కొట్టివేతలు లేని రిజిస్టరు చూస్తే ఆవిడకీ నా అనుమానమే వచ్చుండేది.

జరిమానాల గురించి నాలుగు ముక్కలు, ఇది చట్టం. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం ఒక జీతం కాలంలో, అంటే నెల జీతమైతే ఆ నెలలో, వేసే జరిమానాలన్నీ కలిపి ఆ జీతంలో 3 శాతం దాటకూడదు. ఏ తప్పుకి వేస్తారో ముందే బోర్డు మీద ఉండాలి. వేసేముందు అతని మాట వినాలి. వసూలైన డబ్బు రిజిస్టరులో రాసి కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి, మీ ఖాతాలో కలుపుకోకూడదు. పాత చట్టంలోనూ దాదాపు ఇవే ఉన్నాయి, 1936 నుంచీ. ఎంతమంది పాటిస్తున్నారో చేతులెత్తమని అడగను, భోజనాల ముందు ఎందుకు. (నవ్వులు) 20 మంది, అంతకు మించి ఉన్న ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, మీ వాళ్ళెంతమందో కార్మికులూ అంతమంది. గోడకి అంటించడానికి పెడితే పెట్టకపోయినా ఒకటే.

కెమెరాలు, వాట్సాప్ గ్రూపులు కూడా ఉన్నాయి. ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్లో సీసీ కెమెరా చూస్తూ "ఆ మూల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు" అని రాత్రి పదింటికి వాయిస్ మెసేజ్ పెట్టే ఓనర్లు నాకు తెలుసు. టేలరు గడియారమే, దానికి నెట్ కనెక్షన్ ఇచ్చారు. ఆ ఇద్దరూ బేరింగ్ చప్పుడు గురించి మాట్లాడుకుంటున్నారేమో, కెమెరాకి చెవులు ఎక్కడివి.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలోంచి: "మా గ్రానైట్ ఫ్యాక్టరీలో సగం మంది ఒడిశా, రాజస్థాన్ వాళ్ళండీ. మూడు నెల్లుండి పోతారు. పోయేవాళ్ళకి ఇవన్నీ ఎందుకు?")

మంచి ప్రశ్న. ముందు ఒకటి చెప్పండి, మీ సూపర్‌వైజరుకి హిందీలో తిట్లు కాకుండా ఏం వచ్చు? (నవ్వులు) నిజంగా అడుగుతున్నా. రాయి పగిలిందని చెప్పాలంటే ఏ భాషలో, ఎవరికి చెప్పాలి వాళ్ళు? వాళ్ళలోనే రెండు భాషలు వచ్చినవాణ్ణి ఒకణ్ణి ఎంచి, అతనికి ఆ పనికి విడిగా డబ్బు ఇవ్వండి. పోవడం సంగతి అంటారా, నాట్లకి పోతారు, పండగకి పోతారు, ఆ తేదీలు వాళ్ళకి ముందే తెలుసు. మీరు అడగరు కాబట్టి చెప్పకుండా పోతారు. అడిగి, టికెట్లు మీరే తీస్తే, తిరుగు టికెట్ కూడా తీయొచ్చు. నిర్ణీత కాలం పనిచేసిన వలస కార్మికులకి ఏడాదికోసారి రానూపోనూ ఖర్చు ఇవ్వాలని కొత్త కోడ్‌లో ఎలాగూ ఉంది.

(ఇంకో ప్రశ్న, ఒక యువకుడు: "నేను సూపర్‌వైజర్నే సార్. కిందోళ్ళు నాకు చెప్తారు. నేను పైకి చెప్తా. పైన వినకపోతే నేనేం చెయ్యాల?")

మీ ఓనరు గారు ఈ హాల్లో ఉన్నారా?

("ఉన్నారు సార్.")

ధైర్యవంతుడివే. (నవ్వులు, చప్పట్లు) రెండు సంగతులు. పైన కాదన్నప్పుడు కిందికి దిగి అది నీ సొంత నిర్ణయమన్నట్టు చెప్పొద్దు, పైవాళ్ళని తిట్టిపొయ్యనూ వద్దు. "అడిగాను, ఈ కారణం చేత కాదన్నారు" అని అంతే చెప్పు. కారణం చెప్పకపోతే కారణం అడిగి తీసుకురా. రెండోది, ప్రతిదానికీ పైకి పోవాల్సిన అవసరం లేకుండా నీకంటూ ఒక హద్దు అడుగు. ఇన్ని రూపాయల వరకు నేనే ఖర్చు పెడతా, మిషను ఇన్ని నిమిషాల వరకు నేనే ఆపిస్తా, దానికి నన్నూ, చెప్పినవాణ్ణీ ఎవరూ పూట కోయకూడదు అని. ఎంత అనేది నేను చెప్పను, మీ ప్లాంటు సంగతి మీకే తెలుసు. భోజనాలు వడ్డిస్తున్నారంటున్నారు. నువ్వూ, మీ ఓనరు గారూ ఈ పూట పక్కపక్కన కూర్చోండి. ఆ రెండు అంకెలూ పెరుగన్నం లోపల తేల్చుకుని లేవండి.